మూడో నెల ముహూర్తానికి ముందు

తమిళనాడులోని హోసూరు, కృష్ణగిరి చుట్టుపక్కల తెలుగిళ్లలో తొలికాన్పు పుట్టింటి బాధ్యత. మూడో నెలలోనో ఐదో నెలలోనో మంచిరోజు చూసి, తల్లీబిడ్డలకు కొత్తబట్టలు పెట్టి, ఉయ్యాలా సారే సర్ది అత్తవారింటికి పంపుతారు. పంచాంగం చూడడానికి ఒకరు, కారు మాట్లాడడానికి ఒకరు, గుమ్మంలో దిష్టి తీయడానికి ఒకరు ఉంటారు. ఆ రాత్రి తలుపు వేసుకున్నాక ఆ భార్యాభర్తల సంగతేమిటో చెప్పడానికి మాత్రం ఎవరూ ఉండరు. ఆమెకు అమ్మ చెప్పేది ‘జాగ్రత్తమ్మా’ అన్న ఒక్క ముక్క. ఆయనకు స్నేహితులు చెప్పేవి జోకులు.

తెలుగులో ఈ సంగతులు అచ్చులో చెప్పినవాళ్లు లేకపోలేదు. విజయవాడ డాక్టర్ జి. సమరం స్వాతి వారపత్రికలో ఏళ్ల తరబడి జవాబులిచ్చారు. ఆ పేజీని చాటుమాటుగా చదివిన తరం ఇప్పుడు అమ్మమ్మలూ తాతయ్యలూ అయింది. అంత చదివీ కూతురి దగ్గర నోరు విప్పరు, అదే చిత్రం.

కాన్పు తర్వాత దంపతులు మళ్లీ దగ్గర కావడానికి ఒక వరస ఉంది. ముందు ఒళ్లు మానాలి. తర్వాత గర్భం రాకుండా ఏర్పాటు చూసుకోవాలి. ఆపైన మాట, ఆపైన స్పర్శ, అన్నిటికన్నా చివర కలయిక. మన ఇళ్లలో ఈ వరస తలకిందులవుతుంది. చివరిది ముందు జరిగిపోతుంది, రెండోది మళ్లీ నెల తప్పాక గుర్తొస్తుంది. మంచిరోజు పెట్టేది మూడో నెలకే అయినా, దానికి తయారీ కాన్పు గదిలోనే మొదలవ్వాలి.

ఆసుపత్రి గుమ్మం దాటకముందే

తమిళనాడులో ఇంటి కాన్పులు దాదాపు లేవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి 99కి పైగా ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి, అందులో 45 దాకా సిజేరియన్లు. అంటే దాదాపు ప్రతి తల్లికీ ఇంటికి వచ్చే ముందు ఒక డాక్టరో నర్సమ్మో దొరుకుతారు. డిశ్చార్జి కాగితం చేతికిచ్చే ఆ అయిదు నిమిషాల్లో అడగాల్సినవి రెండున్నాయి.

ఒకటి, కుట్ల సంగతి. మామూలు కాన్పులో యోనికీ మలద్వారానికీ మధ్య చర్మం కొంత చిరగడం, లేదా డాక్టరే కోసి కుట్టడం సాధారణం. పైచర్మం, దాని కింద కండరం వరకే అయితే కొన్ని వారాల్లో మానుతుంది. మలద్వారాన్ని బిగించే కండరం దాకా చిరిగితే అది వేరే లెక్క. ఎక్కువ కాలం పడుతుంది, ప్రత్యేకంగా చూపించుకోవాలి. ఏ రకం కుట్లు పడ్డాయో చాలామంది తల్లులకు తెలియదు. అడగరు కాబట్టి ఎవరూ చెప్పరు. మూడు నెలల తర్వాత నొప్పి వస్తే అది మామూలుదా కాదా అని తేల్చుకోవడానికి ఈ ఒక్క సమాచారమే ఆధారం.

రెండోది, కాపర్-టీ. కాన్పయిన 48 గంటల్లోపే దాన్ని వేసే పద్ధతి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉంది. మంచి సాధనమే. కానీ వేసే ముందు తల్లి ఒప్పుకోవాలి. వేశారో లేదో, ఏ రకం వేశారో, ఎన్నేళ్లు పనిచేస్తుందో కాగితం మీద రాయించుకోవాలి. 380ఏ రకం పదేళ్లు, 375 రకం అయిదేళ్లు. పక్కన నిలబడ్డ భర్తకు కూడా ఇది తెలియాలి. ‘అది ఆడోళ్ల సంగతి’ అని వరండాలోకి పోయే మగవాడికి తర్వాత తన గదిలో జరిగేది కూడా అర్థం కాదు.

పుట్టింట్లో, పథ్యం మధ్య

కాన్పయిన వెంటనే గర్భసంచి దాదాపు కిలో బరువుంటుంది. ఆరు వారాల్లో వంద గ్రాములలోపుకి ముడుచుకుంటుంది. లోపల మాయ అతుక్కున్న చోట పచ్చిపుండు మిగులుతుంది. అది మానేదాకా నెత్తుటి మైల పోతూనే ఉంటుంది. మొదట ఎర్రగా, తర్వాత గోధుమరంగులో, చివర పసుపూ తెలుపూ కలిసినట్టు, నాలుగు నుంచి ఆరు వారాలు. మైల ఆగేదాకా లోపలికి ఏదీ పోకూడదన్నది పెద్దల కట్టుబాటు కూడా. అది వైద్యానికి సరిపోయే కట్టుబాటే, ఇన్ఫెక్షన్ భయం నిజమైనదే. మైల మధ్యలో మళ్లీ ఎర్రగా పెరిగినా, గంటకో ప్యాడు తడిసినా, దుర్వాసన వచ్చినా, జ్వరం తగిలినా, పిక్క వాచి నొప్పి పెట్టినా శొంఠి కషాయంతో కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

పథ్యంలో మంచీ చెడూ కలిసే ఉన్నాయి. వెల్లుల్లి కారం, నెయ్యి, వేడన్నం, మునగాకు తల్లికి బలమే. వేణ్నీళ్ల స్నానం, నిద్ర, ఇంటిపని లేకపోవడం, ఇవన్నీ ఏ డాక్టరూ రాసివ్వలేని మందులు. నాకు గొడవ ఒక్క దానితోనే, నీళ్లు తాగనివ్వకపోవడం. ‘నీళ్లు తాగితే పొట్ట వస్తుంది, బిడ్డకు జలుబు చేస్తుంది’ అంటూ చెంబు దాచేస్తారు. నీళ్లు తగ్గితే మలబద్ధకం. మలబద్ధకం వస్తే ముక్కడం. ముక్కితే కుట్ల మీద, కింది కండరాల మీద భారం. ఆ నొప్పి భయంతో కండరాలు బిగుసుకుపోతాయి, మూడో నెలలో పక్కమీద అదే నొప్పిగా బయటపడుతుంది. పాలిచ్చే తల్లికి దాహం వేసినప్పుడల్లా నీళ్లివ్వాలి. ఆకుకూరలు, పండ్లు, రాగి జావ కూడా పెట్టాలి. నడికట్టు నడుముకు ఊతమిచ్చేంత వరకు సరే. ఊపిరాడనంత బిగిస్తే పొట్ట తగ్గదు సరికదా, ఒత్తిడంతా కిందికి పోతుంది. యోని లోపల డెట్టాలూ వేపనీళ్లూ పోసి కడగడం అసలొద్దు. బయట మామూలు నీళ్లతో కడిగి పొడిగా తుడుచుకుంటే చాలు.

ఈ రోజుల్లోనే మొదలుపెట్టాల్సిన వ్యాయామం ఒకటుంది. అమెరికన్ స్త్రీవైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో రాసి ప్రచారంలోకి తెచ్చాడు. అపానవాయువు రాకుండా ఆపుకునేటప్పుడు బిగిసే కండరాలను బిగించి, అయిదు సెకన్లు పట్టి, అంతకన్నా ఎక్కువసేపు వదలాలి. పూటకు పది, రోజుకు మూడు పూటలు. బిడ్డకు పాలిస్తూ కూడా చేసుకోవచ్చు. ఊపిరి బిగపట్టకూడదు, పొట్టా తొడలూ కదలకూడదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయమని కొందరు చెబుతారు, అది అలవాటు చేసుకోవద్దు. అందరూ బిగించడం గురించే చెబుతారు గానీ, వదలడం అంత ముఖ్యం. భయంతో ముందే బిగుసుకుని ఉన్న ఆమెకు వదలడమే అసలు పాఠం. నొప్పి పెడుతుంటే ఆపి డాక్టరును అడగాలి.

ఇంకో మార్పు కంటికి కనబడదు. పాలిస్తున్నంత కాలం పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ ఎక్కువగా, ఈస్ట్రోజెన్ తక్కువగా ఉంటాయి. ఈస్ట్రోజెన్ తగ్గితే యోనిలో తడి తగ్గుతుంది, పొర పలచబడుతుంది, కోరిక కూడా మందగిస్తుంది. నెలసరి ఆగిన వయసులో వచ్చే పొడితనం లాంటిదే ఇది, పాతికేళ్ల పిల్లకు వస్తుంది. ‘నీకు నా మీద మనసు లేదు’ అని అలిగే భర్తకు, ‘నాలో ఏదో లోపముంది’ అని కుమిలే భార్యకు ఇద్దరికీ ఈ ఒక్క వాక్యం ముందే తెలిస్తే సగం తగవులు తప్పుతాయి. బిడ్డను రోజంతా ఒంటికి హత్తుకుని, రెండు గంటలకోసారి లేస్తున్న తల్లికి సాయంత్రానికి ఇంకెవరూ తాకకుంటే బాగుండనిపించడం కూడా సహజమే.

మనసు సంగతి వేరేగా చూడాలి. కాన్పయిన మూడో నాలుగో రోజు నుంచి ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లో సర్దుకుంటుంది. రెండు వారాలు దాటినా దిగులు పోకపోతే, బిడ్డను చూసినా ఏమీ అనిపించకపోతే, అవకాశం ఉన్నా నిద్ర పట్టకపోతే, చావు ఆలోచనలు వస్తే అది జబ్బు. దాన్ని పక్కమీద సఖ్యతతో నయం చేయాలనుకోవడం అన్యాయం. 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి-మానస్ వాళ్లు తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడతారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో తల్లినీ బిడ్డనూ విడదీయకుండా కలిపి చేర్చుకుని వైద్యం చేసే విభాగం 2009 నుంచి ఉంది. హోసూరు నుంచి దారి అడగక్కర్లేదు, హోసూరు రోడ్డు పట్టుకుని పోతే ఆసుపత్రి ఆ రోడ్డు మీదే ఉంటుంది.

ఆరో వారం

‘ఆరు వారాలయ్యాక కలవచ్చు’ అన్నమాట ఊరంతా తెలుసు. కొందరు మగవాళ్లు క్యాలెండరు మీద గీతలు కూడా గీస్తారు. నిజానికి ఆరో వారం డాక్టరుకు చూపించుకోవాల్సిన వారం. అంతకుమించి దానికి మహిమేమీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన సూచనల్లో కాన్పు తర్వాత తల్లిని కనీసం నాలుగుసార్లు చూడాలని ఉంది: మొదటి 24 గంటల్లో, రెండు మూడు రోజులకు, ఒకటి రెండు వారాల మధ్య, ఆరో వారంలో.

ఆరో వారంలోనే బిడ్డకు పెంటావాలెంట్ తొలి టీకా పడుతుంది. బాగలూరయినా, శూలగిరి అయినా, వేపనపల్లయినా, ఆ రోజు తల్లి బిడ్డనెత్తుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వస్తుంది. బిడ్డను తూస్తారు, సూది వేస్తారు, జ్వరం మాత్రిస్తారు, పంపేస్తారు. తల్లి వైపు ఎవరూ చూడరు. ఆమే అడగాలి: ‘నన్ను కూడా ఒకసారి చూడండి.’ కుట్లు మానాయా, రక్తం తక్కువుందా, బీపీ ఎలా ఉంది, దగ్గితే మూత్రం జారుతోందా అన్నవి ఆ పూటే తేలాలి. రక్తహీనత ఉన్న ఒంటికి కోరిక ఎక్కడినుంచి వస్తుంది?

ఇక అసలు ప్రశ్న. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం కలిసి నడిచే సరిహద్దు ఊళ్లు ఇవి. సొంత భాషలోనే సిగ్గుపడే మాటను పరాయి భాషలో అడగడం ఇంకా కష్టం. ఇక్కడి ఆడవాళ్లు వాడే ‘సేందు ఇరుక్కలామా’ (కలిసి ఉండొచ్చా) అన్న మాట చాలు, ఏ తమిళ డాక్టరమ్మకైనా అర్థమవుతుంది. అదీ నోట రాకపోతే ఫోనులో రాసి చూపించండి. డాక్టరు ‘ఆఁ, ఉండొచ్చు’ అని తల కూడా ఎత్తకుండా అంటే, ‘కుట్లు చూసి చెప్పండి’ అని రెండోసారి అడగాలి. 

డాక్టరు సరేనన్నంత మాత్రాన ఆ రాత్రే మొదలుపెట్టాలనీ లేదు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ పరిశోధకులు తొలికాన్పు తల్లులు పదిహేను వందల మందిని గమనిస్తే, ఆరు వారాలకు మళ్లీ కలిసినవాళ్లు నూటికి 41 మంది. పన్నెండు వారాలకు 78, ఆరు నెలలకు 94. పుట్టింటికి పంపి మూడు నెలలు దూరంగా ఉంచే ఆచారం లేని దేశంలోనే లెక్క ఇలా ఉంటే, మూడో నెలలో ఇంకా సిద్ధంగా లేని అమ్మాయి వింతేమీ కాదు.

నెలసరి రాలేదుగా అన్న ధీమా

వరసలో అందరూ దాటేసే మెట్టు ఇదే. అందుకే ఇక్కడ కాసేపు కూర్చుందాం.

అండం ముందు విడుదలవుతుంది, నెలసరి తర్వాత వస్తుంది. కాబట్టి ముట్టు రాకముందే కడుపు రావచ్చు. చనుబాలివ్వని తల్లికి నెల తిరగకముందే అండం విడుదల కావచ్చు. ‘పాలిస్తున్నావు కదా, ఏం కాదులే’ అనే పిన్నమ్మ మాట సగం నిజం. ఆ సగానికి షరతులున్నాయి, 1988లో ఇటలీలోని బెలాజియోలో నిపుణులు కూర్చుని తేల్చినవి: బిడ్డకు ఆరు నెలలు నిండి ఉండకూడదు, నెలసరి మొదలై ఉండకూడదు, బిడ్డకు తల్లిపాలు తప్ప ఇంచుమించు మరేమీ పెట్టకూడదు. మూడూ ఉంటే 98 శాతం రక్షణ. పగలు నాలుగు గంటలకు, రాత్రి ఆరు గంటలకు మించి పాలకూ పాలకూ ఎడం పెరిగినా నమ్మకం సడలుతుంది. ఇక్కడే మన ఊరి చిక్కు. సిప్‌కాట్‌లో వాచీల ఫ్యాక్టరీలోనో, బండ్ల ఫ్యాక్టరీలోనో, ఎలక్ట్రానిక్స్ లైన్లోనో పనిచేసే అమ్మాయి 26 వారాల సెలవులో కొంత కాన్పుకు ముందే వాడేసి ఉంటుంది. నాలుగో నెలలోనో అయిదో నెలలోనో షిఫ్టుకు ఎక్కుతుంది. అత్త డబ్బాపాలు మొదలుపెడుతుంది. ఆ రోజుతో ఆ 98 శాతం పోయినట్టే, ఎవరూ గమనించరు.

కాబట్టి ఏర్పాటు ముందే ఉండాలి. నిరోధ్ అందరికీ సులువు, ప్రభుత్వ కేంద్రాల్లో ఊరికే ఇస్తారు. ఒక్క జాగ్రత్త: తడి లేదని కొబ్బరినూనె, నెయ్యి, బేబీ ఆయిల్ రాస్తే నిరోధ్ రబ్బరు దెబ్బతిని చిరుగుతుంది. మందుల షాపులో దొరికే నీటి ఆధారిత జెల్లీయే వాడాలి. హార్మోను లేని ఛాయా మాత్ర లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో పుట్టింది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. పాలిచ్చే తల్లి వేసుకోవచ్చు. అంతరా సూది మూడు నెలలకోసారి, పాలిచ్చేవాళ్లకు ఆరు వారాల తర్వాత మొదలు. దాంతో నెలసరి అస్తవ్యస్తం కావచ్చు, పూర్తిగా ఆగిపోవచ్చు. ఆపాక గర్భం రావడానికి కొన్ని నెలలు పట్టవచ్చు. ఇవి ముందే తెలిస్తే కంగారుండదు. షాపులో అడిగితే ఇచ్చే మామూలు గర్భనిరోధక మాత్రల్లో ఈస్ట్రోజెన్ ఉంటుంది, పాలిచ్చే తల్లికి ఆరు నెలల దాకా మంచివి కావు. ప్రొజెస్టిరాన్ ఒక్కటే ఉన్న మాత్ర వేరే, డాక్టరు రాసిస్తే వాడుకోవచ్చు.

రెండో బిడ్డ కావాలనుకునేవాళ్లు కూడా కాన్పయిన 24 నెలల తర్వాతే మళ్లీ గర్భానికి ప్రయత్నించడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఇక చాలనుకునేవాళ్ల విషయంలో నా అభిప్రాయం దాచను. తమిళనాడులో పెళ్లయిన ఆడవాళ్లలో సగానికి పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల వాటా ఒక్క శాతానికి కూడా రాదు. కత్తిగాటు లేని వేసెక్టమీ పది ఇరవై నిమిషాల పని. మగతనానికీ దానికీ సంబంధం లేదు. మూడు నెలలు వేరే జాగ్రత్త పాటించి, వీర్యపరీక్షలో కణాలు లేవని తేలితే చాలు. సిజేరియన్ కోతతో ఇంటికొచ్చిన మనిషిని మళ్లీ బల్లెక్కించే ముందు ఆయన ఒకసారి ఆలోచించవచ్చు.

మాట

ఆదివారమో వారపు సెలవు రోజో బండేసుకుని అత్తగారింటికి వచ్చే భర్త, ముందుగదిలో కాఫీ తాగి, బిడ్డను రెండు నిమిషాలు ఎత్తుకుని, మామతో మామిడి ధరలు మాట్లాడి వెళ్లిపోతాడు. మూడు నెలలూ అలాగే గడిస్తే తిరిగొచ్చే రాత్రికి ఇద్దరూ కొత్తవాళ్లే. ఆ సందర్శనాల్లో ఒక గంట ఆమె పక్కన గదిలో కూర్చోవాలి. బిడ్డ గుడ్డలు మార్చడం నేర్చుకోవాలి. ఆమె ఒంటి సంగతి ఆమెనే అడగాలి.

‘మామా, నాకింకా కూర్చుంటే కుట్లు లాగతాండాయి. అంతా మానిందాకా రవంత ఆగుదాం.’

‘నువ్వు చెప్పిందాకా నేనడగను. పక్కన పండుకుంటే చాలు.’

ఇంతే మాట. ఇది ఫోనులో కూడా అనుకోవచ్చు, ఎదురుగా కన్నా ఫోనులోనే కొందరికి సులువు. మగవాడికీ చెప్పుకోవాల్సినవి ఉంటాయి. ఆమెకు నొప్పి పెడతానేమోనని భయపడేవాళ్లున్నారు. తాను ఇంట్లో లెక్కలోకి రాకుండా పోయాననుకునేవాళ్లున్నారు. నైటు షిఫ్టుతో, అప్పుతో, నిద్రలేమితో కోరిక చచ్చి, ఆ సంగతి చెప్పుకోలేక ఫోను చూస్తూ పడుకునేవాళ్లూ ఉన్నారు. 

తర్వాతిది చోటు. హోసూరులో ఫ్యాక్టరీ జీతాలతో అద్దెకు దొరికేది ఒక గది, ఒక వంటిల్లు. బిడ్డను చూసుకోవడానికి ఊరినుంచి అత్త వస్తుంది, రాకపోతే గడవదు. ఆమె ఉన్న ఇంట్లో తలుపు గడియ పెట్టడమే పెద్ద ప్రకటన. దీనికి శాస్త్రం లేదు, ఇంటింటికీ ఒక ఉపాయం. బిడ్డ పాలు తాగి పడుకున్నాక పెద్దామె దగ్గర వేయడం, ఆమె గుడికో సంతకో వెళ్లిన పూట, షిఫ్టు మారిన వారం మధ్యాహ్నం. రాత్రే కావాలన్న నియమమేమీ లేదు. రాత్రికి ఆ తల్లిలో మిగిలేది అలసటే. భర్త తెల్లవారుజామున ఒక విడత బిడ్డను చూసుకుని ఆమెను నాలుగు గంటలు ఏకబిగిన నిద్రపోనిస్తే, అది ఏ మల్లెపూల మూర కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

ఆమె వద్దంటే వద్దే. పెళ్లయిందని ఆ మాట చెల్లకుండా పోదు. 2005 గృహహింస చట్టం లైంగిక హింసను కూడా హింసగానే లెక్కిస్తుంది. మహిళా సహాయవాణి 181కి ఫోను చేయవచ్చు. పచ్చి బాలింత మీద బలవంతం చేస్తే కుట్లు తెగుతాయి, ఇన్ఫెక్షన్ వస్తుంది. మనసుకు తగిలే దెబ్బకు కుట్లు కూడా ఉండవు.

కలయిక లేని రోజులు

పుట్టింటి నుంచి తిరిగొచ్చిన మొదటి రెండు మూడు వారాలు కలయిక ఉండదని ఇద్దరూ ముందే అనుకోవడం మంచిది. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, ఇది పనిచేస్తుంది. ముట్టుకుంటే అది అక్కడికే దారితీస్తుందన్న భయం ఉన్నంతకాలం ఆమె భుజం మీద చెయ్యి పడ్డా ఉలిక్కిపడుతుంది. అది లేదని తేలాక చెయ్యి పట్టుకోవడం, పాలిచ్చి నొచ్చిన మెడకు మర్దనా, తల నిమరడం, ముద్దు, ఒకరి ఒడిలో ఒకరు పడుకోవడం వాటికవే సుఖమవుతాయి. చేతులతో ఒకరినొకరు తృప్తిపరచుకోవడం కూడా ఇద్దరికీ ఇష్టమైతే దాంపత్యమే, తక్కువరకం కాదు. రొమ్ములు పాలతో గట్టిపడి నొప్పిగా ఉంటే ముట్టుకోవద్దని ఆమె చెప్పాలి. ఆయన ముఖం మాడ్చుకోకూడదు.

మొదటిసారి

బిడ్డకు పాలిచ్చాకే. అప్పుడు బిడ్డా లేవదు, రొమ్ముల బరువూ తగ్గుతుంది. అయినా పాలు చిమ్మవచ్చు: భావప్రాప్తి సమయంలో విడుదలయ్యే ఆక్సిటోసినే పాలను బయటికి తోసేది కూడా. పక్కన ఒక తువ్వాలు పెట్టుకుంటే చాలు, సిగ్గుపడాల్సింది కాదు. ముందు మూత్రానికి వెళ్లి రావాలి, నిండిన మూత్రసంచి నొప్పిని పెంచుతుంది. జెల్లీ దండిగా రాయాలి, ఇద్దరికీ. ముందరి లాలన మామూలుగా కంటే బాగా ఎక్కువసేపు ఉండాలి, తడి ఊరడానికి ఈ రోజుల్లో ఎక్కువ సమయం పడుతుంది.

ముందు ఆమె తన వేలితోనే నెమ్మదిగా చూసుకుని, ఎక్కడ నొప్పి ఉందో తెలుసుకుంటే భయం తగ్గుతుంది. ఆమె పైన ఉండడం, లేదా ఇద్దరూ పక్కకు తిరిగి పడుకోవడం మేలు. ఎంత లోతు, ఎంత వేగం అన్నది ఆమె చేతిలో ఉంటుంది. సిజేరియన్ అయినవాళ్లకు పొట్టమీద బరువు పడకుండా ఇదే దారి. లోపలికి వచ్చేటప్పుడు ఆమె ఊపిరి వదులుతూ కండరాలను వదలాలి, పుట్టింట్లో నేర్చుకున్న ఆ రెండో సగం పాఠం ఇక్కడికే. ‘ఆగు’ అంటే అక్కడే ఆగడం, కారణం అడక్కపోవడం. ఆరోజుకు అంతవరకే అయితే అంతవరకే. మధ్యలో బిడ్డ ఏడుస్తుంది, తప్పకుండా ఏడుస్తుంది. నవ్వుకుని లేవండి.

కొంచెం మంట, చుక్క నెత్తురు మొదటిసారికి కనబడవచ్చు. ప్యాడు తడిసేంత అయితే చూపించుకోవాలి. నిరోధ్ చిరిగితే 72 గంటల్లోపు అత్యవసర మాత్ర ఉంది, లెవొనార్జెస్ట్రెల్ రకం పాలిచ్చే తల్లి కూడా వేసుకోవచ్చు. ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు.

నొప్పి పోకపోతే

అదే మెల్‌బోర్న్ పరిశీలనలో, కాన్పు తర్వాత తొలి కలయికలో నొప్పి పడ్డవాళ్లు నూటికి 86 మంది. ఆరు నెలలకు 43, ఏడాదిన్నరకు కూడా 23 మంది. సిజేరియన్ అయితే కింద ఏమీ కాదు కదా అనుకుంటాం. కానీ ఏడాదిన్నర తర్వాత నొప్పి మిగిలే అవకాశం సిజేరియన్ తల్లుల్లోనూ, వాక్యూమ్ కాన్పు వాళ్లలోనూ ఎక్కువ కనిపించింది. కాబట్టి నొప్పి చాలామందికి ఉంటుంది, నెమ్మదిగా చాలామందికి పోతుంది. ఉంటుంది కాబట్టి ఓర్చుకోమని మాత్రం కాదు. పళ్లు బిగబట్టి ఓర్చుకున్న ప్రతిసారీ ఒళ్లు దాన్ని గుర్తుపెట్టుకుని, మరోసారికి ముందే బిగుసుకుంటుంది.

నాలుగైదు సార్లు జెల్లీతో, నెమ్మదిగా ప్రయత్నించినా నొప్పి తగ్గకపోతే హోసూరు ప్రభుత్వ ఆసుపత్రిలోనో, కృష్ణగిరి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోనో స్త్రీవైద్యులకు చూపించాలి. నొప్పి గుమ్మం దగ్గరా లోతుగానా, మంటా పొడిచినట్టా అన్నది చెప్పగలిగితే సగం రోగనిర్ధారణ అయినట్టే. గుమ్మం దగ్గర పొడిగా మంటగా ఉంటే రాయడానికి తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీము ఇవ్వవచ్చు. కుట్లు మానిన చోట ఎర్రగా కండ పెరిగి ఉంటే చిన్న చికిత్సతో పోతుంది. మచ్చ గట్టిపడితే దాన్ని వేళ్లతో మెత్తబరిచే పద్ధతి నేర్పిస్తారు. కండరాలు వదలకుండా బిగుసుకుపోతుంటే కటి కండరాల ఫిజియోథెరపీ ఉంది. ఇక్కడ దొరక్కపోతే బెంగళూరు గంటా గంటన్నర దూరం. దగ్గితే మూత్రం జారడం, కింద ఏదో బరువుగా దిగుతున్నట్టుండడం కూడా అక్కడే చెప్పాలి. ‘కాన్పయ్యాక అందరికీ అంతే’ అని పంపేసే డాక్టరు తగిలితే, డాక్టరును మార్చండి.

షిఫ్టుకు తిరిగి ఎక్కిన నెలలో కోరిక మళ్లీ పడిపోవచ్చు. నిద్ర తగ్గడం, పాలు పిండి పెట్టి పరుగెత్తడం, బిడ్డను వదిలొచ్చిన దిగులు అన్నీ కలిసి. అప్పుడు కొన్ని వారాలు మళ్లీ ఆ కలయిక లేని రోజులకే వెళ్లండి. బిడ్డకు అన్నం ముద్దలు మొదలై, పాలు తగ్గుతూ వచ్చేకొద్దీ ఈస్ట్రోజెన్ పెరుగుతుంది, తడి తిరిగొస్తుంది, నెలసరీ వస్తుంది. ఆ నెలసరి వచ్చేదాకా చూద్దామని ఆగకుండా, తర్వాతి అంతరా సూది తేదీ క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి.